254 పౌండ్ల లెక్క: పాత ట్రైక్‌ని మళ్ళీ గాల్లోకి లేపే పని

ఫిబ్రవరి, మొదటి వారం

బేరం కుదిరింది. ఒంటి సీటు ట్రైక్, రోటాక్స్ 447 ఇంజిన్, పైన డేక్రాన్ గుడ్డ రెక్క. కొత్తది కొనే డబ్బులో మూడో వంతుకే వచ్చింది. తూర్పు టెక్సాస్‌లో ఒక రైతు షెడ్డులో మూల పడి ఉంది. అమ్మినాయనకి మోకాళ్ళు సహకరించడం లేదట. విడిభాగాల కింద అమ్ముకునేవాళ్ళకి ఇవ్వనని, ఎగరేస్తానంటేనే ఇస్తానని ముందే చెప్పాడు. ట్రెయిలర్ మీద వేసుకుని డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా ఇంటికి తెచ్చాను. కారు ఇక వేసవి దాకా బయటే.

ట్రైక్ అంటే తెలియనివాళ్ళ కోసం: పైన హ్యాంగ్ గ్లైడర్ లాంటి త్రికోణం రెక్క, కింద మూడు చక్రాల బండి, సీటు వెనక ఇంజిన్, దాని వెనక ప్రొపెల్లర్. తోక లేదు, రడ్డర్ లేదు. బండి మొత్తం రెక్కకి ఒక్క బోల్టు దగ్గర వేలాడుతుంది. ముందున్న అడ్డకమ్మీని తోస్తే, లాగితే, పక్కకి జరిపితే కింద మన బరువు జరుగుతుంది. ఆ బరువే స్టీరింగ్. ఈ రకం రెక్కకి మూలపురుషుడు ఫ్రాన్సిస్ రొగాలో. 1948లో ఆయనా, భార్య గెర్ట్రూడూ కలిసి ఇంట్లో కర్టెన్ గుడ్డతో గాలిపటం కట్టి మొదలుపెట్టారు. 1963లో ఆస్ట్రేలియాలో జాన్ డికెన్సన్ దానికి త్రికోణం కమ్మీ తగిలించి, మనిషి పట్టుకుని నడిపేలా చేశాడు. ఇవాళ్టికీ నా చేతిలో ఉండేది అదే కమ్మీ.

అమెరికాలో దీన్ని ఎగరేయడానికి లైసెన్సు అక్కర్లేదంటే మావాళ్ళెవరూ నమ్మరు. 1982 నుంచి ఉన్న పార్ట్ 103 అనే నిబంధన ప్రకారం ఒక్కరే కూర్చునేది, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు (115 కేజీలు), ట్యాంకు 5 గ్యాలన్లకి (దాదాపు 19 లీటర్లు) మించనిది, పూర్తి పవర్‌లో 55 నాట్లు (గంటకి 102 కిలోమీటర్లు) దాటనిది, ఇంజిన్ పవర్ లేకుండా 24 నాట్ల లోపు వేగంలోనే స్టాల్ అయ్యేది (అంటే రెక్కకి మోసే బలం పోయేది), ఇలా ఉంటే దాన్ని విమానంగా కాక అల్ట్రాలైట్ వాహనంగా లెక్కేస్తారు. పైలట్ లైసెన్సు, మెడికల్, రిజిస్ట్రేషన్ నంబరు, ఏటా చేసే తనిఖీ, ఏవీ లేవు. జనావాసాల మీదుగా ఎగరకూడదు, పగటిపూటే ఎగరాలి, సరదాకి తప్ప వాడకూడదు. ముఖ్యంగా ఇంతే.

ఏటేటా వచ్చి చూసే ఇన్‌స్పెక్టర్ లేడు కాబట్టి ఈ డైరీ పెట్టుకున్నాను. ఏ బోల్టు ఎప్పుడు మార్చానో, ఎందుకు మార్చానో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

ఫిబ్రవరి, చివర్లో: రెక్క

ఇంజిన్ జోలికి ఇంకా పోలేదు. ఇంజిన్ ఆగిపోతే ఏదో ఒక పొలంలో దిగొచ్చు. రెక్క తేడా చేస్తే ఇక దిగడమనేది ఉండదు, పడటమే. పాత ట్రైక్ కొనేవాళ్ళు చాలామంది ఇంజిన్ స్టార్ట్ చేయించుకుని, ఆ శబ్దం విని మురిసిపోయి డబ్బు ఇచ్చేస్తారు. ముందు రెక్క విప్పించి చూడాలి.

డేక్రాన్ అంటే పాలిస్టరే. దానికి శత్రువు ఎండ. రంగు వెలవకపోయినా లోపల పోగు చచ్చి ఉండొచ్చు, గుడ్డ కంటే ముందు కుట్టు దారం పోవచ్చు. బ్రిటన్‌లో మైక్రోలైట్ ఇన్‌స్పెక్టర్లు దీనికి బెట్సోమీటర్ అని ఒక చిన్న పరికరం వాడతారు. సన్నటి సూదిని గుడ్డలో గుచ్చి, స్ప్రింగ్ తక్కెడతో నిర్ణీత బరువు దాకా లాగుతారు. చిల్లు సాగకపోతే పాస్. కుట్టు దారాన్నీ అలాగే లాగి చూస్తారు. మా ఎయిర్‌స్ట్రిప్‌లో ఒక పెద్దాయన దగ్గర అది ఉంది, అరువు తెచ్చాను. ఎండ ఎక్కువ తగిలేది పై పొరకే కాబట్టి ముక్కు దగ్గర, నడి భాగంలో, వెనక అంచు పొడవునా గుచ్చి చూశాం. అన్నిచోట్లా నిలబడింది. షెడ్డులో సంచిలో చుట్టి పెట్టి ఉండటం దీని అదృష్టం.

తర్వాత బ్యాటెన్లు. రెక్కకి ఆ వంపు ఇచ్చే సన్నటి అల్యూమినియం గొట్టాలివి. గుడ్డలోని జేబుల్లోకి ఒక్కొక్కటీ దూర్చాలి. ప్రతిదానికీ తనదైన వంపు ఉంటుంది, ఆ వంపు అసలు సైజులో గీసిన కాగితం తయారీదారు ఇస్తాడు. ఆ కాగితాన్ని వంటింటి నేల మీద పరిచి, టేపు అంటించి, ఒక్కో బ్యాటెన్‌నీ దాని గీత మీద పెట్టి చూశాను. ఎడమవైపు వాటికి ఎర్ర టోపీ, కుడివైపు వాటికి ఆకుపచ్చ టోపీ. ఎడమ జతలో రెండు, గీత నుంచి వేలెడు దూరం చదునైపోయాయి. మోకాలి మీద ఆనించి, కొంచెం కొంచెంగా వంచుతూ, మళ్ళీ కాగితం మీద పెడుతూ సరిచేయాలి. ఒక్కచోటే బలంగా నొక్కితే గొట్టం మడత పడుతుంది. ఈ పని సాగుతుంటే మా ఆవిడ గొట్టాల మీంచి దాటుకుంటూ అన్నం వండింది. "ఏవండీ, ఇది ఎన్నాళ్ళు?" అని ఒక్కసారే అడిగింది. రెండు వైపులా వంపు ఒకేలా లేకపోతే ట్రైక్ గాల్లో ఒక పక్కకే లాగుతుందని చెప్తే, "అయితే నిదానంగానే కానివ్వండి" అంది.

కేబుళ్ళన్నీ మార్చేస్తున్నాను. మూడు మిల్లీమీటర్ల స్టీలు తీగ బయటికి బాగానే కనిపిస్తుంది. దూది ఉండతో పొడవునా నిమిరితే, విరిగిన పోగు ఉన్నచోట దూది పట్టుకుంటుంది. కింది కేబుల్ ఒకదానికి, చివర రాగి స్లీవ్ నొక్కిన చోట పట్టుకుంది. అది ఒక్కటే మార్చొచ్చు, కానీ అన్నీ ఒకే వయసువి. రెక్క కంపెనీ నుంచే పూర్తి సెట్టు తెప్పించాను. స్లీవ్ నొక్కే పనిముట్టు కొనుక్కుని ఇంట్లో చేసుకునేవాళ్ళున్నారు, వాళ్ళకో దండం.

ఇక హ్యాంగ్ బోల్టు. బండీ ఇంజినూ నేనూ వేలాడేది దీనికే. చూస్తే బొటనవేలి లావు కూడా లేదు. గీత లేదు, తుప్పు లేదు. అయినా కొత్తది వేశాను. కొత్తదాని ధర మా ఇద్దరి బిర్యానీ ఖర్చు కంటే తక్కువ. దీన్ని కారు బోల్టులా బిగించకూడదు, రెక్క ముందుకీ వెనక్కీ స్వేచ్ఛగా ఊగాలి. అందుకే దీనికి కోటబురుజుల్లాంటి గాళ్ళున్న నట్టు వేసి, అడ్డంగా స్ప్లిట్ పిన్ దోపుతారు. బోల్టు పోయినా బండిని పట్టుకునేలా పైనుంచి ఒక బ్యాకప్ కేబుల్ కూడా ఉంటుంది.

మార్చి: ఇంజిన్

ఫ్యాన్ మూత విప్పగానే లోపల గట్టి మట్టి. ఇక్కడ మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ఏ చిన్న కన్నం కనిపించినా వదలవు. గాలి తిరిగే దారిలో, సైలెన్సర్ మూతిలో, ఆఖరికి ఫ్రేము గొట్టాల చివర్లలో కూడా కట్టాయి. గూటిని స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఎండిపోయిన సాలెపురుగులు రాలాయి, పిల్లల కోసం దాచుకున్న మేత. ఈ 447ని చల్లబరిచేది ఫ్యాన్ తోసే గాలే. ఆ దారిలో మట్టి ఉంటే ఇంజిన్ మాడిపోవడానికి నిమిషాలు చాలు.

టూ స్ట్రోక్ ఇంజిన్ విప్పడం నాకు కొత్త కాదు. తెనాలిలో మా మేనమామ షెడ్డులో సెలవులంతా ఆర్‌ఎక్స్ 100ల సైలెన్సర్లు కాల్చి కార్బన్ దింపడంతోనే గడిచేవి. ఇదీ అదే జాతి: 436 సీసీ, రెండు సిలిండర్లు, 40 హార్స్‌పవర్, వాల్వులు లేవు, కందెన పెట్రోల్లోనే కలిసి వస్తుంది. బంకులో పెట్రోలుతో పాటు 2టీ ఆయిల్ పోయించుకున్న తరానికి దీని గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. పెట్రోలు 50 పాళ్ళకి ఆయిల్ ఒక పాలు. 5 గ్యాలన్లకి 378 మిల్లీలీటర్లు. కంటితో అంచనా వేయను, కొలిచే గ్లాసు పెట్టుకున్నాను.

పిస్టన్ల మీద కార్బన్ పేరుకుంది. ప్రొపెల్లర్ వైపు సిలిండర్‌లో కింది రింగు గాడిలో సగం ఇరుక్కుంది. రింగు ఇరుక్కుంటే మండిన వాయువు పక్కనుంచి జారి పిస్టన్‌ని వేడెక్కిస్తుంది, ఆ వేడికి ఒక్కసారిగా పట్టేస్తుంది. రింగులు మార్చాను. క్రాంక్‌షాఫ్ట్‌ని మాత్రం నేను ముట్టుకోలేదు. రోటాక్స్ ఈ ఇంజిన్లకి 300 గంటలకోసారి ఓవర్‌హాల్ అంటుంది. లాగ్‌బుక్ ప్రకారం ఇది అందులో సగం కూడా తిరగలేదు కానీ, నిలవున్న ఇంజిన్లో బేరింగులకి పట్టే తుప్పు లాగ్‌బుక్‌లో కనిపించదు. ఈ ఇంజిన్లే చేసే షాపుకి పంపాను. బేరింగులు, సీళ్ళు కొత్తవి వేసి పంపారు.

సీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగే గది కూడా పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పీల్చుకునే దారిలోనిదే. సీలు కారితే లోపలికి అదనపు గాలి వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజిన్ చక్కగా, ఇంకా ఉషారుగా తిరుగుతున్నట్టే అనిపిస్తూ కాలిపోతుంది. అందుకే బిగించాక రెండు వైపులా మూతలు వేసి, సైకిల్ పంపుతో కాస్త గాలి ఎక్కించి, ప్రెషర్ గేజ్ ముల్లు దిగుతుందేమో చూశాను. కార్బ్యురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు కప్పు కూడా అంతే. పైకి నున్నగా ఉంది, వంచి చూస్తే మెడ చుట్టూ సన్నటి పగుళ్ళు. పారేశాను.

బింగ్ కార్బ్యురేటర్ అడుగున ఇథనాల్ పెట్రోలు ఎండిపోయి పచ్చటి జిగురు. రెండు రోజులు నానబెట్టి, జెట్‌లన్నీ (పెట్రోలుని కొలిచి వదిలే సన్న కన్నాల ముక్కలు) కొత్తవి వేశాను. కన్నాల్లో తీగ మాత్రం దూర్చకండి, జెట్ కన్నం ఒక పిసరు పెరిగినా లెక్క మారిపోతుంది.

ఏప్రిల్: కాటా

అసలు టెన్షన్ ఇక్కడ. రెక్కని పైకప్పు దూలానికి తక్కెడతో వేలాడదీసి, బండిని మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి తూచాం. రెక్క 98, బండి 172. మొత్తం 270 పౌండ్లు. పదహారు పౌండ్లు ఎక్కువ.

మా బావమరిది కాగితం మీద లెక్క రాస్తూ, "బావా, నువ్వే ఓ ఏడెనిమిది కేజీలు తగ్గితే సరిపోదా?" అన్నాడు. పైలట్ బరువు లెక్కలోకి రాదురా అంటే వాడి మొహం వాడిపోయింది, ఎప్పటి నుంచో అనాలనుకుంటున్నాడు కాబోలు. పెట్రోలు బరువూ లెక్కలోకి రాదు. ట్యాంకు సైజు మాత్రం వస్తుంది. పాత యజమాని వేసింది పది గ్యాలన్ల ట్యాంకు. అందులో ఐదే పోస్తానంటే కుదరదు, నిబంధన చూసేది ఎంత పోశామని కాదు, ఎంత పడుతుందని. దాన్ని తీసి తెల్లటి 5 గ్యాలన్ల ట్యాంకు పెడితే పెట్రోలు మట్టం కూడా కంటికి కనిపిస్తోంది, బరువు పౌండున్నర తగ్గింది. చక్రాల మీది తొడుగులు తీస్తే మూడు. చివరికి మనసు రాయి చేసుకుని సెల్ఫ్ స్టార్టర్, దాని బ్యాటరీ కూడా తీసేశాను, 14. ఇక తాడు లాగి స్టార్ట్ చేసుకోవాల్సిందే. 251.5 దగ్గర కాటా ఆగింది.

ప్యారాచూట్ విషయంలో ఇంట్లో చర్చ లేదు. అది లేకుండా కుదరదని మా ఆవిడ బేరం కంటే ముందే చెప్పింది. హ్యాండిల్ లాగితే చిన్న రాకెట్ దాన్ని బయటికి లాగుతుంది, మనిషితో పాటు ట్రైక్ మొత్తాన్నీ దించుతుంది. అదృష్టం ఏంటంటే ఇలాంటి రక్షణ సామగ్రిని 254లో కలపరు, ప్యారాచూట్‌కి 24 పౌండ్ల దాకా విడిగా వదిలేస్తారు. నాది 20. సెకండ్ హ్యాండ్‌వి చవగ్గా దొరుకుతాయి కానీ గుడ్డని మళ్ళీ మడత పెట్టించే గడువు, రాకెట్ గడువు దాటినవే ఎక్కువ. కొత్తదే కొన్నాను. ఈ ప్రాజెక్టులో పెద్ద బిల్లు ఇదే.

కాటాల ఫోటోలు, లెక్క కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద పడేశాను. తనిఖీ అధికారి ఎప్పుడైనా అడిగితే ఇది పార్ట్ 103 లోపలిదేనని రుజువు చూపించాల్సింది ఎగరేసేవాడే.

మే: నేర్చుకోవడం, కట్టేసి తిప్పడం

లైసెన్సు అక్కర్లేదు కదా అని నేర్చుకోకుండా ఎక్కేవాళ్ళ కథలు ఎయిర్‌స్ట్రిప్‌లో అందరి దగ్గరా ఉన్నాయి. అందులో ఒక్కటీ బాగోదు. చలికాలం నుంచీ శనివారాలు రెండు సీట్ల ట్రైక్‌లో పాఠాలు సాగుతున్నాయి. రెండు సీట్లు ఉన్నాయంటే అది పార్ట్ 103 కాదు, దానికి నంబరు ఉంటుంది, నేర్పేవాడికి లైసెన్సు ఉంటుంది.

కమ్మీని ముందుకి తోస్తే ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది. లాగితే వేగం పెరుగుతుంది. కుడికి తిరగాలంటే కమ్మీని ఎడమకి జరపాలి. మామూలు విమానం నడిపినవాళ్ళకి ఇవన్నీ తిరగబడినట్టు ఉంటాయి. నాకు ఆ బాధ లేదు, మరచిపోవడానికి ముందు నేర్చుకున్నదేమీ లేదు. నేల మీద మాత్రం తిప్పలు పడ్డాను. ముందు చక్రాన్ని పాదాలతో తిప్పాలి, కుడి కాలు నొక్కితే బండి ఎడమకి పోతుంది.

మా గురువు గట్టిగా పట్టించుకునేది ఒకటే: ముక్కు బాగా పైకెత్తి అక్కడే పవర్ తీసేయొద్దు. అలా వేగం చచ్చిపోతే ముక్కు ఒక్కసారిగా కిందికి కొట్టుకుంటుంది, అది ఆగకుండా పల్టీగా మారితే రెక్క విరుగుతుంది, దాని నుంచి బయటపడటం లేదు. రెక్క మీద నిలబడే కింగ్ పోస్ట్ అనే స్తంభం నుంచి వెనక అంచుకి వెళ్ళే లఫ్ లైన్లనే తీగలు ఉండేది ముక్కు మరీ కిందికి పోయినప్పుడు వెనక అంచుని పైకి పట్టి ఉంచడానికే. అవి వదులైతే పైకి ఏ తేడా తెలియదు, అవసరం పడ్డరోజే తెలుస్తుంది. నా వాటి పొడవు తయారీదారు పుస్తకంతో సరిచూసి ఇక్కడ రాసుకున్నాను.

ఇంజిన్‌ని పికప్ ట్రక్కు కొక్కేనికి కట్టేసి తిప్పాం. మొదటిసారి తాడు లాగినప్పుడే అందుకుంది, పొగ వీధంతా నిండింది. పక్కింటాయన బయటికొచ్చి గడ్డి కోసే మెషినా అని అడిగాడు. ప్రొపెల్లర్ కోణం సరిచేసి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 6,200 సార్లు తిరిగేలా పెట్టాం, గాల్లో కొంచెం పెరుగుతుంది, 6,800 దాటకూడదు. ఎగ్జాస్ట్ వేడి 650 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు.

జూన్: ఎయిర్‌స్ట్రిప్

గడ్డి రన్‌వే, రేకుల షెడ్లు, గాలి ఎటు వీస్తోందో చూపే ఒక గాలిసంచి. శనివారం తెల్లవారకముందే వచ్చేవాళ్ళంతా అరవై దాటినవాళ్ళు. డాలస్ ఎయిర్‌పోర్టుల గగనతలం అనుమతి లేకుండా ముట్టుకోకూడదు కాబట్టి అందరూ ఉత్తరానికే పోతారు. టెక్సాస్ ఎండలో తొమ్మిదింటికల్లా నేల మీంచి వేడిగాలి బుడగలు లేచి ట్రైక్‌ని ఎత్తి కుదేస్తాయి. అందుకని పొద్దు పొడిచిన గంటన్నరలో ఎగిరి, దిగి, కాఫీకి కూర్చుంటారు. కాఫీ నీళ్ళలా ఉంటుంది, కబుర్లు మాత్రం చిక్కగా ఉంటాయి.

కొత్తగా ఎవరు ఏం కట్టుకొచ్చినా వీళ్ళు వచ్చి చుట్టూ తిరుగుతారు. అడగరు, చెప్పరు, కప్పు కింద పెట్టి వంగి చూస్తారు. బెట్సోమీటర్ ఇచ్చిన పెద్దాయన నా ట్రైక్ కింద పడుకుని ప్రతి స్ప్లిట్ పిన్‌నీ వేలితో తడిమాడు. అంతా అయ్యాక లేచి ప్యాంటు దులుపుకుని, "బ్యాటెన్లు ఎవరు వంచారు?" అన్నాడు. నేనే అంటే తల ఊపి మళ్ళీ కాఫీకి వెళ్ళిపోయాడు. నాకు అదే సర్టిఫికెట్.

కొంగల కథ వినింది ఇక్కడే. హూపింగ్ క్రేన్ అనే తెల్లటి పెద్ద కొంగలు అంతరించే దశకి వచ్చాయి. సొంతంగా వలస వెళ్ళే మంద ఒక్కటే మిగిలింది, అది కెనడా నుంచి వచ్చి శీతాకాలం మా టెక్సాస్ తీరంలోని అరాన్సాస్‌లో గడుపుతుంది. ఆ ఒక్క మందకీ ఏదైనా అయితే జాతే పోతుందని, తూర్పున ఇంకో మందని తయారుచేయాలనుకున్నారు. పిల్లలకి దారి చూపే పెద్ద కొంగలు లేవు. అందుకని 2001లో విస్కాన్సిన్‌లోని నెసీడా నుంచి ఫ్లోరిడా దాకా ట్రైక్‌లే దారి చూపించాయి. పైలట్లు మనిషి ఆకారం తెలియకుండా తెల్లటి ముసుగులు వేసుకున్నారు. కొంగ వేగానికి దగ్గరగా, అంత నిదానంగా ఎగరగలిగింది ఇదే మరి. 2011 చలికాలంలో పైలట్లు జీతం తీసుకుంటున్నారు కాబట్టి నిబంధన ఒప్పుకోదని ప్రశ్న వచ్చి అలబామాలో ఆగిపోయారు, ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాల్సి వచ్చింది. మా షెడ్డులో ఆ ముచ్చట వచ్చిందంటే ఇప్పటికీ సగంమంది గొంతులు లేస్తాయి.

జూన్, మూడో శనివారం

గాలి దాదాపు లేదు. ముందు రన్‌వే మీదే పరుగు, తర్వాత ఒక అడుగు లేచి దింపడం, ఆ తర్వాతే పైకి. ఒంటరిగా కూర్చుంటే రెండు సీట్లదాని కంటే ఎంత తేలికో! థ్రాటిల్ మీద పాదం నొక్కగానే నేల వదిలింది. పొలాల మీద ఐదొందల అడుగుల ఎత్తులో కమ్మీ వదులుగా పట్టుకుని చూశాను. ఎడమకి లాగుతోంది. కొద్దిగానే, కానీ వదిలితే అటే తిరుగుతోంది. రెండు చుట్లు వేసి దిగాను.

మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "ఆ గాలిపటం మీద ఎందుకు నాన్నా, కారుంది కదా" అంది.

ఎడమ లాగుడికి ముందు బ్యాటెన్లు మళ్ళీ కాగితం మీద పెట్టాను, సరిగ్గానే ఉన్నాయి. బ్యాటెన్ చివర్ల బిగువు రెండు వైపులా పోల్చి చూస్తే, ఎడమ కొస దగ్గరవి వదులు. నేను మార్చిన కేబుళ్ళతో గుడ్డ కొత్తగా సర్దుకుని ఉంటుంది. బిగించి మళ్ళీ ఎగిరితే కమ్మీ మధ్యలోనే నిలబడింది.

ఇక మిగిలింది ఒకటి. ప్రొపెల్లర్ వైపు సిలిండర్ ఎగ్జాస్ట్ వేడి రెండోదాని కంటే ముప్పై డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. హద్దు లోపలే ఉంది, కానీ రింగు ఇరుక్కున్నది కూడా ఆ సిలిండర్‌లోనే. రెండిటికీ కార్బ్యురేటర్ ఒక్కటే కాబట్టి జెట్ మార్చి ప్రయోజనం లేదు. వచ్చే వారం ఆ వేడిని కొలిచే రెండు ప్రోబులనీ అటూ ఇటూ మారుస్తాను. ఎక్కువ వేడి ప్రోబుతో పాటు రెండో వైపుకి వెళ్తే తప్పు ప్రోబుది, లేదా గేజ్‌ది. అక్కడే ఉండిపోతే, మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్ళే చోట ఉండే ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి పీలుస్తుండొచ్చు. గ్యాస్కెట్ ఆర్డర్ పెట్టేశాను. అది తేలేదాకా రన్‌వే కనిపించే దూరం దాటి వెళ్ళను.